పాఠకుల ఆరోగ్య సందేహాలు: రిజిస్టరులో నా పేరు

ప్రశ్న: మూత్రనాళం నుంచి చీము కారుతుంటే, లైంగిక వ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో చూపించుకున్నాను. వివరాలన్నీ రాసుకున్నారు. నా భార్యకు, ఊళ్లోవాళ్లకు తెలిసిపోతుందేమోనని బెంగగా ఉంది. – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ బెంగ సహజమే. అయితే రిజిస్టరు క్లినిక్‌లోనే ఉంటుంది. నెలనెలా పైకి వెళ్లే నివేదికలో ఏ లక్షణంతో ఎందరు స్త్రీలు, ఎందరు పురుషులు వచ్చారన్న లెక్కే తప్ప పేర్లుండవు. కడప జిల్లాలో గర్భిణుల్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధి పెరుగుతోందని అలాంటి లెక్కల వల్ల ముందుగా పసిగట్టగలిగితే, పెన్సిలిన్ ఇంజక్షన్లు సకాలంలో అందించి కడుపులోని బిడ్డలను కాపాడుకోవచ్చు. మందుల షాపులో నాలుగు మాత్రలు కొని సరిపెట్టుకునేవారు ఈ లెక్కలోకి రారు; నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది అదే.

మీకిచ్చిన బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలుంటాయి. మీ భార్యకు మీరే నెమ్మదిగా చెప్పి, ఆమెకూ చికిత్స ఇప్పించండి; లేకుంటే మీకు మళ్లీ సోకుతుంది. ఇద్దరూ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ ఫలితం గోప్యతకు 2017 నాటి చట్టం రక్షణ కల్పిస్తోంది. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.