కుంచె సందేహాలు: కొండ వెనక కొండ

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొండల గురించే.

ప్ర: నేను ఆక్రిలిక్ రంగులు వాడతాను. మా ఊరి చుట్టూ వరసలు వరసలుగా కొండలు. బొమ్మలో మాత్రం అన్నీ ఒకేచోట అట్టముక్కలు అంటించినట్టు వస్తున్నాయి. వెనక కొండకి నీలం పెంచుతూనే ఉన్నాను, దూరం రావడం లేదు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జ: నీలం పెంచడంతోనే వచ్చింది చిక్కు. ట్యూబులోంచి తీసిన అల్ట్రామెరైన్ నీలం చాలా ముదురు. దాన్ని పెంచినకొద్దీ వెనక కొండ ముందుకు దూకుతుంది. ముందు తేల్చుకోవలసింది లేత, ముదురు తేడాలు. వాటి తర్వాతే రంగు.

అన్నిటికంటే వెనక ఉన్న కొండతో మొదలుపెట్టండి. తెలుపు ఆరు పాళ్లు, అల్ట్రామెరైన్ ఒక పాలు, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) చిటికెడు. ఈ ముద్ద కాస్త ఎక్కువగానే కలపండి. వెనక కొండ వేశాక మిగిలినదాంట్లో సగం పక్కకు తీసి, అందులో కొంచెం నీలం, కొంచెం ఆకుపచ్చ చేర్చి రెండో వరస వేయండి. అందులో మిగిలినదానితో మూడోది. ఒక్కో కొండకి కొత్తగా రంగు కలిపితే వాటి మధ్య చుట్టరికం తెగిపోతుంది. దగ్గరి కొండ ముదురు కోసం నలుపు వాడొద్దు, మసిబారినట్టుంటుంది. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా చెరిసగం కలిపితే చాలు.

ఆక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. అందుకే రంగులు కలిపే పలకమీద సరిపోయిన లేత రంగు బొమ్మలో సరిపోదు. అదే కాగితం ముక్కమీద పూసి, ఆరనిచ్చి, చేయి చాచి కొండకి ఎదురుగా పట్టుకుని పోల్చండి.

ఇక అసలు కిటుకు కొండల పాదాల దగ్గర ఉంది. మంచైనా పొగైనా లోయల్లోనే పేరుకుంటుంది కాబట్టి ప్రతి కొండా పైన ముదురుగా, కింద లేతగా కనిపిస్తుంది. రంగు తడిగా ఉండగానే కింది మూడో వంతును తడి కుంచెతో తుడిచి, కాస్త తెలుపు కలిపేయండి. ముందు కొండ ముదురు శిఖరం, వెనక కొండ లేత పాదం తగిలే అంచులోనే దూరం పుడుతుంది. మీరు కొండంతా ఒకే రంగు నింపుతున్నారేమో చూసుకోండి.

అన్ని నెలల్లోనూ దూరం నీలంగా ఉండదు సుమా. వానలు వెలిశాక గాలి కడిగినట్టుంటుంది, కొండలు దగ్గరకొస్తాయి. అప్పుడు వరసల మధ్య తేడా తగ్గించాలి. మే నెల దుమ్ములో దూరం బూడిదతెలుపు. అప్పుడు నీలం బాగా తగ్గించి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి.

ప్ర: దేవమాలి కొండ ఎదురుగా నిలబడితే గుండె నిండుతుంది. ఫోనులో తీసుకొచ్చి ఇంటి దగ్గర గీస్తే పుట్టలా ఉంటోంది. తప్పు ఫోటోదా, చేతిదా?
– ఒక పాఠకురాలు, కోరాపుట్

జ: ఫోటోదే. 1,672 మీటర్ల కొండ అది, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది. ఫోను మామూలు లెన్సు చాలా వెడల్పు. కాళ్ల దగ్గరి గడ్డిని పెద్దది చేసి, దూరపు కొండని కుదించేస్తుంది. రెండింతల జూమ్‌లో పక్కపక్కగా నాలుగు ఫోటోలు తీసుకోండి. దాంతోపాటు అక్కడే అరచేతంత పెన్సిల్ గీత ఒకటి వేసుకోవడం తప్పనిసరి. చేయి చాచి పెన్సిల్‌తో కొండ ఎత్తు, వెడల్పు కొలిచి ఆ అంకెలు పక్కన రాయండి. కొలిస్తే కొండ మీరనుకున్నదానికన్నా పొట్టిగా తేలుతుంది. అయినా బొమ్మలో కొంచెం పెంచడం నేరమేమీ కాదు. కొలత తెలిసి పెంచాలి, అంతే.

ప్ర: ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చెట్ల చిత్రాలు చూశాక అంత పెద్దవి వేయాలనిపిస్తోంది. ఉన్నది పదడుగుల గది.
– ఒక విద్యార్థి, రాయగడ

జ: హాక్నీకి ఎదురైందీ చోటు చిక్కే. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 2007లో ఆయన వేసిన ‘బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్’ 15 అడుగుల ఎత్తు, 40 అడుగుల వెడల్పు. కానీ అది ఒక్క గుడ్డ కాదు, మూడడుగులు నాలుగడుగుల కాన్వాసులు యాభై. వెనక్కి నడిచి మొత్తం చూసే వీలు లేక, విడి ముక్కల ఫోటోలను కంప్యూటర్లో చేర్చి చూసుకుంటూ వేశారు. అంతకుముందు వోల్డ్‌గేట్ అడవి దారిని వేర్వేరు కాలాల్లో, ఆరేసి కాన్వాసుల చొప్పున వేశారు.

మీరూ ఆరుతోనే మొదలుపెట్టండి. 11×15 అంగుళాల షీట్లు పైన మూడు, కింద మూడు పేరిస్తే 22×45 అంగుళాల బొమ్మ అవుతుంది, మీ గదిలో గోడ నుంచి గోడకి నిలబడి చూడొచ్చు. ముందు చిన్న కాగితంమీద మొత్తం గీసి, ఆరు గళ్లు చేసి, గడి గడినీ షీట్‌కి పెంచండి. చెడేది అతుకుల దగ్గర. ఆకాశం పై మూడు షీట్లకీ ఒకే ముద్దతో, ఒకే కూర్చోడంలో ముగించాలి. మర్నాడు కలిపిన నీలం చచ్చినా కలవదు. చెట్టు మొదలు, ఇంటి గోడ లాంటి నిలువు గీతలు అతుకుమీద పడనివ్వకండి. షీట్ అంచుకి టేపు వేస్తే తెల్ల చార మిగులుతుంది, వెనకనుంచి అంటించండి. రోజూ పని ఆపాక ఆరింటినీ పేర్చి ఫోనులో ఒక్క ఫోటో తీసి చిన్నదిగా చూస్తే, కొండ వాలు ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది. లాభమేమిటంటే, చెడిన షీట్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ప్ర: వానాకాలంలో నీటిరంగు వాష్‌లో (నీళ్లు ఎక్కువ కలిపి వేసే పల్చని పూతలో) గోబీపువ్వు మచ్చలు వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, జైపూర్

జ: తేమగాలికి వాష్ ఆరదు. మెరుపు పోయి లోపల తడి మిగిలిన దశలో నీళ్లు ఎక్కువున్న కుంచె తగిలితే, ఆ నీరు రంగును పక్కకు నెట్టి మచ్చ కడుతుంది. మెరుపు ఉండగానే ముగించండి. లేదంటే చేతి వెనకవైపు ఆనిస్తే చల్లదనం తెలియకుండా పోయేవరకు ఆగండి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) ఉండాలి, పల్చనిది గుంటలు పడి నీరు నిలుస్తుంది. కాగితాల నిల్వ గోడకి దూరంగా, ప్లాస్టిక్ కవరులో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో. కొత్త వాష్ అక్కడక్కడ అద్దుడు కాగితంలా పీల్చేసుకుంటే ఆ షీట్ పైపూత పోయినట్టే. నీటిరంగుకి ఇక పనికిరాదు, బొగ్గు గీతలకు వాడుకోండి.