కుక్క వెనక కాళ్లు లేవనంటే వెన్ను సరిచేయిస్తే తగ్గుతుందా?

మీరు అడిగింది ఇది: హన్మకొండలో ఉంటారు, 8 ఏళ్ల మగ లాబ్రడార్, 41 కిలోలు. నెల రోజుల నుంచి పడుకున్న చోట నుంచి లేవడానికి తంటాలు పడుతోంది, మెట్లు ఎక్కట్లేదు, టైల్స్ మీద వెనక కాళ్లు జారిపోతున్నాయి. మనుషులకు కైరోప్రాక్టిక్ చేసే ఒకతను "బొక్క (ఎముక) జరిగింది, రెండు సిట్టింగుల్లో నడిపిస్తా" అంటున్నాడు. చేయించాలా?

ఇప్పుడే వద్దు. ఏ జబ్బు వల్ల కాళ్లు లేవట్లేదో తేలకముందు వెన్ను మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలో డి.డి. పామర్ మనుషుల కోసం మొదలుపెట్టిన పద్ధతి. చేసేది ఏమిటంటే, రెండు వెన్నుపూసల మధ్య ఉండే చిన్న కీలు మీద చాలా తక్కువ దూరం, చాలా వేగంగా ఒక్క తోపు. టక్కుమని వచ్చే శబ్దం కీలు లోపలి ద్రవంలో గాలిబుడగ ఏర్పడ్డప్పుడు వచ్చేది, జరిగిన బొక్క మళ్లీ ఎక్కిన శబ్దం అనుకోవద్దు. నిజంగా వెన్నుపూస జరిగిన కుక్క నెల రోజులు ఇంట్లో తిరగదు, ఆ రోజే దవాఖానలో ఉంటుంది. బిగుసుకుపోయిన కండరం కొన్ని రోజులు వదులవడం, వీపు కాస్త తేలిగ్గా వంగడం, ఇంతవరకు ఆశించవచ్చు. కుక్కల మీద దీనికి గట్టి పరిశోధన తక్కువ. తుంటి కీలు అరిగితే, మోకాలి లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే నార) తెగితే, డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) జారితే ఈ తోపు వాటిని బాగుచేయలేదు.

నష్టం మాత్రం చేయగలదు. కుక్క వెన్నులో మెడకు 7, ఛాతీకి 13, నడుముకు 7 పూసలు, ఆ తర్వాత అతుక్కుపోయిన 3 పూసలు, ఆపైన తోక. డిస్క్ గొడవలు ఎక్కువగా వచ్చేది చివరి పక్కటెముకలు అయిపోయి నడుము మొదలయ్యే చోట. అక్కడ సగం పగిలిన డిస్క్ ఉండి, పైనుంచి తోపు పడితే, మిగిలిన గుజ్జు వెన్నుపాము మీదికి పోతుంది. నడిచి వెళ్లిన కుక్కను మోసుకుని తెచ్చుకోవాల్సి వస్తుంది. పొమెరేనియన్, చివావా లాంటి చిన్న జాతుల్లో మెడలో మొదటి రెండు పూసల పట్టు పుట్టుకతోనే వదులుగా ఉండవచ్చు. వాటి మెడ తిప్పితే ప్రాణమే పోవచ్చు. ముసలి కుక్కకు బొక్క క్యాన్సర్ ఉంటే ఆ తోపుకే ఎముక విరగవచ్చు. మనిషైతే "ఆగు, కాలిలోకి తిమ్మిరి వస్తోంది" అని చెప్తాడు. కుక్క చెప్పలేదు, మూతి కట్టి పట్టుకుంటే అరవను కూడా అరవలేదు.

మన దేశంలో 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం పశువైద్యం చేసేవాళ్లు రిజిస్టరైన పశువైద్యులై ఉండాలి. కాబట్టి ఎవరు చేస్తానన్నా మొదటి ప్రశ్న: రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా? రెండోది: ఎక్స్‌రే చూశాకే మొదలుపెడతారా? మూడోది: ఎన్నిసార్లలో మార్పు లేకపోతే ఆపేస్తారు? మూడోదానికి "జీవితాంతం నెలకోసారి" అన్న జవాబు వస్తే లేచి వచ్చేయండి.

ఇక కారణం. ఇంట్లో మీరే చూడగలిగిన ఒక పరీక్ష ఉంది, చాలా విషయం చెప్తుంది. జారని చోట, గోనెపట్టా మీదైనా సరే, కుక్కను నిలబెట్టండి. ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి కాస్త బరువు మోయండి. రెండో చేత్తో ఒక వెనక పాదాన్ని మెల్లగా మడిచి, పాదం పైభాగం నేలకు ఆనేటట్టు పెట్టి వదిలేయండి. నరాలు బాగుంటే ఒక సెకను లోపే పాదాన్ని తిప్పి సరిగ్గా పెట్టుకుంటుంది. అలాగే మడిచిపెట్టి నిలబడితే, పాదం ఎక్కడుందో మెదడుకు కబురు అందట్లేదు, అంటే గొడవ వెన్నుపాములోనో నరంలోనో ఉంది. రెండు కాళ్లకూ రెండుమూడు సార్లు చూడండి. తర్వాత ఒక్కో వెనక పాదంలో నడిమి రెండు గోళ్లు చూడండి. పైవైపు అరిగి చదునుగా ఉంటే, నడిచేటప్పుడు "సర్... సర్" అని ఈడ్చే శబ్దం వస్తుంటే అదే సూచన. ఈ గుర్తులున్న కుక్క వెన్నును ఎవరినీ ముట్టుకోనివ్వద్దు.

పాదం వెంటనే తిప్పుకుంటే కీళ్లవైపు అనుమానం పెరుగుతుంది. తుంటి కీలు గొడవైతే పరుగెత్తేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా గెంతుతుంది, తొడలు సన్నబడతాయి, బరువంతా ముందుకు వేసి భుజాలు లావెక్కుతాయి. మోకాలి లిగమెంటు తెగితే కూర్చున్నప్పుడు ఆ కాలు లోపలికి మడవక పక్కకు చాపుతుంది, నిలబడ్డప్పుడు వేళ్ల కొస మాత్రం ఆనిస్తుంది. బరువైన లాబ్రడార్లకు ఒక్కోసారి రెండు మోకాళ్లూ తెగి ఉంటాయి. అప్పుడు ఏ కాలు కుంటుతోందో తెలియదు, అచ్చం నడుము పడిపోయినట్టే కనిపిస్తుంది. వెన్ను జబ్బని పొరబడేది ఎక్కువగా ఇక్కడే. డాక్టర్‌ను రెండు మోకాళ్లూ చేత్తో కదిపి చూడమని ప్రత్యేకంగా అడగండి.

మన దగ్గర ఇంకోటి మరిచిపోవద్దు, గోమార్లు (పిడుదులు) కుట్టి వచ్చే జ్వరం. ఈరోజు ఈ కాలు, రేపు ఆ కాలు కుంటడం, కీళ్ల వాపు, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం ఉంటే వెన్ను సంగతి పక్కనపెట్టి ముందు రక్తపరీక్ష చేయించండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మీరు ముట్టుకుంటే వెచ్చగా అనిపించడం జ్వరం కాదు, థర్మామీటరే చెప్పాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద గోమార్లకోసం వెతకండి.

దవాఖానకు పోయినప్పుడు ఎక్స్‌రే విషయంలో గట్టిగా ఉండండి. తుంటి ఎక్స్‌రేకు కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ సమానంగా వెనక్కి చాపాలి, దానికి మత్తు కావాలి. మెలకువగా ఉన్న కుక్కను నలుగురు పట్టుకుని, వంకరగా తీసిన ఫిల్ములో తుంటి సంగతి ఏమీ తేలదు. మామూలుగా తీసిన ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదు, డిస్క్ కూడా నేరుగా కనబడదు. ముసలి కుక్కల్లో పూసల కింద ముక్కులాంటి ఎముక పెరుగుదల తరచూ కనిపిస్తుంది, చాలాసార్లు దానివల్ల నొప్పేమీ ఉండదు. అది చూపించి "ఇదే కారణం" అంటే మిగతావన్నీ చూశారా అని అడగండి. వరంగల్ దగ్గర మామునూరులో, అటు కోరుట్లలో వెటర్నరీ కాలేజీలున్నాయి. సీటీ, ఎమ్మారై దాకా పోవాల్సి వస్తే హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోవాలి, ముందు ఫోన్ చేసి యంత్రం పనిచేస్తోందో లేదో కనుక్కుని బయల్దేరండి.

నొప్పి మందు డాక్టర్ రాసిందే వేయండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ, కాలేయం దెబ్బతింటాయి. ఇదివరకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే ఆ తేదీ చెప్పండి. స్టెరాయిడ్, నొప్పి మాత్ర వెంటవెంటనే పడితే పేగుకు రంధ్రం పడే దాకా పోవచ్చు. వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా మాత్ర ఆపి ఫోన్ చేయండి. నొప్పి బామ్‌లు, జెల్‌లు కూడా రాయకండి, నాకి మింగేస్తుంది.

మీ కుక్కకు తేలేది కీళ్ల అరుగుదలే అయితే, ఏ సిట్టింగ్ కన్నా ఎక్కువ పనిచేసేది బరువు తగ్గించడం. 41 కిలోలు దానికి చాలా ఎక్కువ. ఒంటి బరువులో 6 నుంచి 9 శాతం తగ్గినా కుంటడం తేడా తెలుస్తుంది. మీ చెయ్యే కొలత: పక్కటెముకల మీద వేళ్లు ఆడిస్తే, చాచిన చేతి వెనకవైపు తడిమినట్టు ఎముకలు తగలాలి. అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే కొవ్వు, బిగించిన పిడికిలి కణుపుల్లా తగిలితే బక్కచిక్కింది. వారానికి 400 నుంచి 800 గ్రాములు తగ్గడం సరైన వేగం. అన్నం కొలిచి పెట్టండి, పిల్లలు వేసే బిస్కెట్లు, చాయ్‌లో ముంచిన రస్కులు ఆపండి, ఆ జాగాలో ఉడికించిన సొరకాయ, బీన్స్ ఇవ్వండి. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర పెట్టవద్దు. 15 రోజులకోసారి దవాఖానలోనో, తెలిసిన దుకాణం కాటా మీదో తూకం వేసి రాసుకోండి.

తర్వాత నేల. టైల్స్ మీద జారిన ప్రతిసారీ నొప్పి కీలు మళ్లీ లాగుతుంది. పడుకునే చోట నుంచి నీళ్ల గిన్నె, గుమ్మం దాకా దారి పొడవునా పరవండి. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా బరువైనది, పంజా పట్టుకుంటుంది, ఉతకవచ్చు. కానీ టైల్ మీద అదీ జారుతుంది, కింద రబ్బరు జాలీ మ్యాట్ వేయాల్సిందే. నడిచేటప్పుడు గోళ్లు టకటకలాడకుండా కత్తిరించండి. గిన్నెను కుక్క మోచేతి ఎత్తుకు లేపండి.

నడక: ఒకేసారి 40 నిమిషాలు వద్దు, పది నిమిషాల చొప్పున మూడుసార్లు, తాడు పొట్టిగా పట్టి, మెల్లగా. బంతి విసరడం మానేయండి, గిర్రున తిరిగి ఆగడమే కీలుకు దెబ్బ. ఎండాకాలం పొద్దుపొడవకముందే అయిపోవాలి. రోడ్డు మీద చేతి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. వ్యాయామానికి ముందు గోరువెచ్చని తడిబట్ట తుంటి మీద పది నిమిషాలు పెట్టండి, ముందు మీ మణికట్టుకు ఆనించి చూసుకోండి. తర్వాత గోడ మూలకు తెచ్చి, వెనక కాళ్లు పక్కకు చాపే వీలు లేకుండా కూర్చోబెట్టి లేపండి, రోజుకు రెండుసార్లు, ఐదేసి సార్లు. మరునాడు ఎక్కువ కుంటితే సగానికి తగ్గించండి. తొడ కండరాలను మోకాలి నుంచి పైకి అరచేత్తో నిమరవచ్చు, కానీ వెన్నెముక గట్టు మీద బొటనవేళ్లతో నొక్కకండి. అలా గట్టిగా నొక్కి "ముడి విప్పడం" కూడా ఇంట్లో చేసే కైరోప్రాక్టిక్‌తో సమానం. మెట్ల దగ్గర పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకోండి. మగ కుక్క కాబట్టి తువ్వాలు మూత్రాంగం మీద నొక్కకుండా పక్కటెముకలకు దగ్గరగా వేయండి, మూత్రం పోసుకునేటప్పుడు వదులు చేయండి.

ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే కదలాల్సిన సందర్భం ఒకటుంది. ఉన్నట్టుండి వెనక కాళ్లు ఈడ్చినా, కూలబడినా ఆ గంటే కదలండి. దాని వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే కాలు వెనక్కి లాగడం నొప్పి తెలిసినట్టు కాదు, అది వెన్నుపాము తనంతట తాను చేసే పని. తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. అది లేకపోతే 24 నుంచి 48 గంటలు దాటేకొద్దీ ఆపరేషన్ చేసినా తిరిగి నడిచే అవకాశం తగ్గిపోతుంది. చెక్క పలక మీద పడుకోబెట్టి, భుజాలు, తుంటి బట్టతో కట్టి కారులో తీసుకెళ్లండి, బండి మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని పోకండి. మూత్రం చుక్కలు కారుతుంటే పోస్తోందని అనుకోకండి, నిండి పొర్లుతోంది, డాక్టర్‌తో ఖాళీ చేయించి, ప్రతి ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఎలా చేయాలో నేర్చుకోండి.

దవాఖానలో భయంతో చాలా కుక్కలు మంచిగానే నడుస్తాయి. అందుకే పోయే ముందు ఇంట్లోనే మూడు వీడియోలు తీయండి, ఒక్కోటి ఇరవై సెకన్లు: వెనక నుంచి నడక, పక్క నుంచి నడక, పడుకున్న చోట నుంచి లేవడం. పొద్దుగాల మొదటిసారి లేచేటప్పటిది తప్పకుండా ఉండాలి.