మెదడులో నరాల చిక్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. ఆఫీసులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎమ్మారైలో ఎడమవైపు, మాటకు సంబంధించిన చోట, 2.5 సెంటీమీటర్ల ఏవీఎమ్ (ధమనులు, సిరలు నేరుగా కలిసిపోయిన రక్తనాళాల చిక్కు) ఉందని, రక్తస్రావం లేదని రాశారు. ఒక డాక్టరుగారు ఆపరేషన్ మంచిదన్నారు. ఇంకొకరు మందులు వాడుతూ చూద్దామన్నారు. మా పెదనాన్న మాత్రం "అది ట్యూమరే, మీకు చెప్పట్లేదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పెదనాన్నగారు పొరబడ్డారు గానీ, ఆ పొరపాటు మహామహులు చేసిందే. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో 1860లలో కణితుల మీద రాసిన గ్రంథంలో ఈ రక్తనాళాల చిక్కుల్ని 'ఆంజియోమా' అని కణితుల వరసలోనే పెట్టాడు. 1928లో అమెరికాలో మెదడు సర్జన్లు హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీ ఈ విషయం మీదే పుస్తకం వేశారు. లోపల అసలు కణితుల్ని, నాళాల లోపాల్ని విడదీసి చూపించారు కానీ, అట్ట మీద మాత్రం కణితులనే ఉంది. మన తెలుగులో తికమక ఇంకా ఎక్కువ: కణితినీ గడ్డే అంటాం, కారిన రక్తం పేరుకున్నా గడ్డే అంటాం, నాడి అయినా రక్తనాళమైనా మనకు 'నరమే'.

ఏవీఎమ్‌లో కణితిలా కణాలు విచ్చలవిడిగా పెరగవు. మామూలుగా ధమని సన్నని కేశనాళికలుగా చీలి, రక్తం జోరు తగ్గాకే సిరలోకి వెళ్తుంది. ఇక్కడ మధ్యలో కేశనాళికలు లేవు. ధమని జోరంతా నేరుగా పలచని సిర మీద పడుతుంది. చిట్లేది అందుకే. ఫిట్స్ చిట్లకుండానే రావచ్చు, మీ తమ్ముడికి వచ్చినట్టు.

బతికున్న మనిషిలో పుర్రె తెరవకుండా మెదడు రక్తనాళాల్ని చూడటం 1927లో, లిస్బన్‌లో మొదలైంది. ఎగాస్ మోనిజ్ అనే వైద్యుడు మెడలోని ధమనిలోకి 25 శాతం సోడియం అయోడైడ్ ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. (ఆయనకు 1949లో నోబెల్ వచ్చింది గానీ దీనికి కాదు, మెదడు నరాలు కోసే ఆపరేషన్‌కు. ఈ పనికి రావాల్సిందని మా అభిప్రాయం.) ఇప్పుడు చేసే డీఎస్ఏ (నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఆంజియోగ్రామ్) దాని మనవడే. ఫిల్ములో ధమనులు ఇంకా నిండుతుండగానే సిర కూడా నిండి కనబడితే, అది ఏవీఎమ్‌కు ముఖ్యమైన గుర్తు. ఎమ్మారై ఒక్కటే చూసి ఆపరేషన్‌కు తేదీ ఇస్తే, డీఎస్ఏ ఎప్పుడు చేస్తారని అడగండి.

ఆపరేషన్‌లో ఒకటే వరస. రక్తం తెచ్చే ధమనుల్ని ఒక్కొక్కటిగా మూయాలి, చిక్కును చుట్టూ విడదీయాలి, సిరను అన్నిటికంటే చివర కోయాలి. సిరను ముందే మూస్తే, మోటారు ఆపకుండా ట్యాంకుకెక్కే పైపు మూసేసినట్టే: చిక్కు ఉబ్బి పగులుతుంది. మైక్రోస్కోపు కింద సర్జన్ కన్ను సిర రంగు మీదే ఉంటుంది. ధమని రక్తం పడుతున్నంతసేపూ సిర ఎర్రగా ఉంటుంది. ధమనులన్నీ మూతపడ్డాక నీలంగా మారుతుంది. ఇంకా ఎర్రగానే ఉందంటే ఎక్కడో ఒక ధమని మిగిలి ఉందన్నమాట. స్టాక్‌హోమ్‌లో హెర్బర్ట్ ఒలివెక్రోనా 1932లో చిక్కును పూర్తిగా తీసేసి, ఇది సాధ్యమేనని చూపించాడు. అంతకుముందు చాలామంది సర్జన్లు పుర్రె తెరిచి, చూసి, భయపడి మూసేసినవారే.

ఇక ఇద్దరు డాక్టర్లు రెండు మాటలెందుకు చెప్పారంటే, ఇద్దరూ వేర్వేరు లెక్కలు చూస్తున్నారు. 1986 నాటి స్పెట్జ్‌లర్-మార్టిన్ లెక్కలో సైజు 3 సెంటీమీటర్ల లోపైతే 1, 3 నుంచి 6 అయితే 2, ఆపైన 3. మాట, కదలిక, చూపు లాంటి పనులు చేసే చోట ఉంటే ఇంకో 1. సిర లోతుకు పోతే మరో 1. మీ తమ్ముడిది 1+1. సిర పైకే పోతుంటే గ్రేడ్ 2, లోతుకు పోతుంటే 3. గ్రేడ్ 2 ఆపరేషన్‌కు అనువైన వర్గమే. మొదటి డాక్టరుగారు అది చూశారు.

రెండో డాక్టరుగారి చేతిలో అరూబా అనే పరిశోధన ఉంది. ఒక్కసారీ చిట్లని ఏవీఎమ్‌ల మీద జరిగిన ఆ పరిశోధన 2014లో అచ్చయింది. మందులతో మాత్రమే ఉన్నవారిలో 10.1 శాతం మందికి పక్షవాతమో మరణమో సంభవిస్తే, ఏదో ఒక చికిత్స చేయించుకున్నవారిలో 30.7 శాతం మందికి సంభవించింది. భయపెట్టే అంకెలే. కానీ గమనించింది సగటున 33 నెలలు. అందులో ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవారు చాలా కొద్దిమంది. మీ తమ్ముడి ముందున్నది 33 నెలలు కాదు. ఏడాదికి 2 శాతం చొప్పున లెక్కేసినా 30 ఏళ్లలో ఒక్కసారైనా చిట్లే అవకాశం దాదాపు 45 శాతం. అందుకే 32 ఏళ్లవాడికీ 70 ఏళ్లవాడికీ ఒకే జవాబు ఉండదు. ఎవరి దగ్గరికి వెళ్లినా "మీ చేతిమీద ఈ గ్రేడువి ఎన్ని అయ్యాయి? మాట పోయే ముప్పు ఎంత?" అని మొహమాటపడకుండా అడగండి. ఫిట్స్ మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు.

ప్రశ్న: మా అమ్మకు ఎమ్మారైలో కావర్నోమా అన్నారు. డీఎస్ఏ చేస్తే ఏమీ లేదన్నారు. ఎమ్మారై తప్పా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ సరైనవే. కావర్నోమా అంటే ఉబ్బిన సన్న నాళాల గుత్తి. అందులో రక్తం దాదాపు నిలవ నీరులా ఉంటుంది, మందు ఎక్కించినా అందులోకి చేరదు. 1980లలో ఎమ్మారై వచ్చేదాకా ఇది ఆంజియోగ్రామ్‌కు చిక్కని రోగమే. ఎమ్మారైలో మక్క పేలాల ముద్దలా, చుట్టూ నల్లటి అంచుతో కనబడుతుంది. ఆ నలుపు మునుపు కారిన రక్తంలోని ఇనుము. 1966లో మెక్‌కార్మిక్ అనే వైద్యుడు ఈ నాళాల లోపాల్ని రకాలుగా విడదీశాడు. ఏవీఎమ్, కావర్నోమా అందులో వేర్వేరు. కాబట్టి ఏవీఎమ్ గురించి ఎవరో చెప్పిన అంకెలు అమ్మగారికి అన్వయించుకోకండి. ఎమ్మారైలో ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్సు (పాత రక్తపు జాడల్ని పట్టే స్కాన్ పద్ధతి) తీశారా అని అడగండి, చిన్నవి అందులోనే బయటపడతాయి. ఒకటి కంటే ఎక్కువ కనబడితే మీరూ, మీ తోబుట్టువులూ డాక్టరుకు చూపించుకోవాలి, అది కుటుంబంలో వచ్చేది కావచ్చు.

ప్రశ్న: ఏవీఎమ్‌కు గామా నైఫ్ చేయించి 14 నెలలైంది. స్కాన్‌లో ఇంకా కనబడుతోంది. డబ్బులు దండగేనా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: ఇంకా తేల్చే సమయం కాలేదు. పేరులో కత్తి ఉంది గానీ కోసేదేమీ లేదు, చిక్కు మీదికి గామా కిరణాలు పంపుతారు. లార్స్ లెక్సెల్ 1968లో స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన ఈ యంత్రంతో ఏవీఎమ్‌కు మొదటి చికిత్స 1970లో జరిగింది. కిరణాలు నాళం లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ గాయం మానుతూ గోడ మందమై, దారి సన్నబడి మూసుకుపోవడానికి 2 నుంచి 3 ఏళ్లు పడుతుంది. చిన్న చిక్కుల్లో 70 నుంచి 80 శాతం మూతపడతాయి. ఆలోగా చిట్లే ముప్పు పూర్తిగా పోదు. హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, వాంతులు, చేయి పడిపోవడం, మాట తడబడటం వస్తే నొప్పి మాత్ర వేసి తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. చుట్టూ వాపు రావడం కూడా ఈ నెలల్లోనే ఎక్కువ, దానికి స్టెరాయిడ్ ఇస్తారు. ఎమ్మారైలో మాయమైనా డీఎస్ఏతోనే ఖాయం చేస్తారు. నిమ్స్‌కో ఇంకో చోటికో రెండో అభిప్రాయానికి వెళ్తే, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. గామా నైఫ్‌కు ముందు తీసిన డీఎస్ఏ సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి.