రైలు గుండ్రంగా తిరగడమేనా?

మోడల్ రైలు సెట్ కొన్న వారానికే బోర్ కొట్టిందని, జనం ఏళ్ల తరబడి ఇందులో ఏం చూస్తారో అర్థం కావడం లేదని రాశారు. గుండ్రంగా తిరిగే రైలు నాకూ పది నిమిషాలకే విసుగొచ్చింది లెండి. నన్ను పట్టేసింది షంటింగ్, అంటే ఇంజనుతో వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపి కావలసిన వరుసలో పెట్టడం.

ఇంగిల్‌నుక్ అనే పజిల్ వేసి చూడండి. తిన్నని పట్టాలు కొన్ని, రెండు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు) కొంటే చాలు. 5, 3, 3 వ్యాగన్లు పట్టే మూడు లైన్లు, ఇంజనుతో పాటు 3 వ్యాగన్లు మాత్రమే పట్టే షంటింగ్ లైను. ఎనిమిది వ్యాగన్ల పేర్లతో చీటీలు రాసి ఐదు తీయండి. చీటీలు వచ్చిన వరుసలోనే ఆ ఐదూ పొడుగు లైన్లో నిలబడాలి. మొత్తం 6,720 వరుసలు సాధ్యం, కాబట్టి ఆట ఇప్పట్లో అయిపోదు!

కొందరికి కొండలు, చెట్లు చేయడం ఇష్టం, కొందరికి వైరింగ్. ముందు ఆ గుండ్రటి పట్టాలు విప్పేయండి.