వెంపలి వేరు మందుతో కామెర్లు తగ్గుతాయా?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. మూడు వారాల కిందట కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ 7.4 వచ్చింది. ఊళ్లో ఒకాయన వెంపలి వేరు దంచి మజ్జిగలో కలిపి ఇస్తున్నారు. ఉప్పు, నూనె లేని పథ్యం. పన్నెండు రోజులైనా పచ్చదనం తగ్గలేదు. రాత్రంతా ఒళ్లు గోక్కుంటున్నారు, నిద్ర ఉండటం లేదు. ఇంకొన్నాళ్లు తాగించమంటారా?
- ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: వద్దు. మందు ఇవాళే ఆపి, ముందు పొట్ట స్కానింగ్ చేయించండి. మీరు చివర్లో రాసిన ఆ దురద మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

వెంపలి మీద నాకు చిన్నచూపేమీ లేదు. ‘వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే కాలం వస్తుంది’ అని పెద్దవాళ్లు అంటుంటారే, ఆ పొట్టి మొక్కే ఇది. బీళ్లలో, చేలగట్ల మీద ఎండకు తట్టుకుని ఊదారంగు పూలు పూస్తుంది. దీని చిన్నాకును రెండు కొసలా పట్టుకుని లాగితే బాణం చివర ఈకలా కోసుగా తెగుతుంది. ఆయుర్వేదంలో శరపుంఖ అన్న పేరు అలా వచ్చిందే. ప్లీహం వాపుకు దీని వేరును మజ్జిగతో ఇవ్వడం కూడా పాత పద్ధతే, మీ ఊరాయన సొంతంగా కనిపెట్టింది కాదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కాలేయానికి కొంత రక్షణ కనిపించింది. అయితే ఎలుకల్లో కనిపించినంత మాత్రాన మీ నాన్నగారికి పనిచేస్తుందని చెప్పలేం.

మరి పసరు మందుతో కామెర్లు తగ్గినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కదా అంటారు. ఉంటారు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ సమయంలో ఏది తాగితే దానికి పేరొస్తుంది. అసలు కామెర్లనేవి ఒక జబ్బు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు మాత్రమే.

యాభై దాటిన మనిషికి కామెర్లతో పాటు ఇంత దురద ఉంటే, పైత్యరసం దిగే గొట్టం ఎక్కడైనా మూసుకుపోయిందేమో మొదట చూడాలి. రాయి అడ్డుపడి ఉండొచ్చు, గొట్టంలోనో క్లోమంలోనో గడ్డ ఉండొచ్చు. వైరస్ కామెర్లలోనూ ఒక్కోసారి దురద ఉంటుంది కాబట్టి క్యాన్సరేనని ఇప్పుడే టెన్షన్ పడకండి. మలం సున్నం కలిపినట్టు తెల్లగా వస్తోందా, ఈమధ్య బరువు తగ్గారా అని మాత్రం అడగండి. మగవాళ్లు ఇలాంటివి అడిగితే తప్ప చెప్పరు. అడ్డం ఉన్నచోట ఏ వేరూ పనిచేయదు. రాయైతే చాలాసార్లు పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే తీసేస్తారు. గడ్డైతే మీరు పోగొట్టుకునే ప్రతి వారమూ విలువైనదే.

స్కానింగ్‌తో పాటు లివర్ ఫంక్షన్ టెస్ట్ మొత్తం, హెపటైటిస్ పరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ ఐఎన్ఆర్ చేయించండి. ఈ చివరిది మరవద్దు. పైత్యం పేగులోకి దిగకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, చిన్న దెబ్బకు కూడా రక్తం ఆగదు.

పథ్యం కూడా ఆపేయండి. చప్పిడి మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని షుగర్ మాత్ర మింగితే, కొన్ని రకాల మాత్రలతో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కాలేయం దెబ్బతిని ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏ మాత్ర ఉంచాలో, ఏది మార్చాలో మీ డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూస్తూ ఉండండి.

ఇంకొకటి. దంచిన వేరును చూసి అది ఏ మొక్కదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. వెంపలి జాతి మొక్కలను కొన్నిచోట్ల చేపలను మత్తెక్కించి పట్టడానికి వాడేవారు. మోతాదు తెలియకుండా రోజూ తాగే సరుకు కాదు. అదే బీళ్లలో పెరిగే, ఇదే చిక్కుడు కుటుంబంలోని కసింద మరీ ప్రమాదం. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో చాలామంది పిల్లలు చనిపోతే, మొదట మెదడువాపు అనుకున్నారు. కసింద గింజలు తినడం వల్ల కాలేయం, మెదడు దెబ్బతిన్నాయని డాక్టర్ టి. జాకబ్ జాన్ వంటి నిపుణులు తర్వాత చెప్పారు. కసింద పూలు పసుపు, వెంపలివి ఊదా. వేరులో ఆ తేడా కనిపించదు కదా.

చలితో జ్వరం, మాట తడబడటం, పగలంతా మత్తుగా పడుకోవడం, నల్లటి విరేచనాలు, రక్తపు వాంతి... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మీ ఊరాయన వేరు తీస్తున్న మొక్కను పూలతో, కాయలతో సహా ఒకటి పీకి వెంట పట్టుకెళ్లండి. పన్నెండు రోజులుగా ఏం తాగారో దాచకుండా చెప్పండి. డాక్టరు కోప్పడితే కోప్పడనివ్వండి.