తుపాకీ పట్టిన నాయకుల్ని హీరోలు అనొచ్చా? మా నల్గొండ సైడ్ నుంచి ఒక జవాబు

హింస చేసిన రాజకీయ నాయకుల్ని హీరోలుగా గుర్తుపెట్టుకోవచ్చా అని అడిగితే చాలామంది అల్లూరి, భగత్ సింగ్, సుభాష్ చంద్రబోస్ అని మూడు పేర్లు చెప్పి "హీరోలే, ఇంకేం డౌటు" అని వెళ్లిపోతారు. ఆ ముగ్గురితో నాకు పేచీ లేదు. కానీ అవి మనకి ఈజీ ఎగ్జాంపుల్స్ అండి. 1922లో దామనపల్లి ఘాట్ దగ్గర అల్లూరి దళం చేతిలో చచ్చిపోయింది ఇద్దరు బ్రిటిష్ ఆఫీసర్లు, వాళ్ల మనవలు మన ఊళ్లో లేరు, మన పెళ్లిళ్లకి రారు, విగ్రహానికి దండ వేస్తుంటే అరుగు మీద కూర్చుని చూడరు. అక్కడ హీరో అనడానికి మనం పెట్టుకునే ఖర్చు ఏమీ లేదు.

నాకు తెలిసిన కేసు ఇంకోటి, నిజాం రాజ్యంలో దొరల మీద 1946 నుంచి 51 దాకా కమ్యూనిస్టు పార్టీ నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం. మాది సూర్యాపేట వైపు ఒక పల్లె. మా అమ్మ వాళ్ల నాయిన, అంటే మా తాత, పదిహేను పదహారేళ్ల పోరడిగా ఉన్నప్పుడు దళాలకి సద్దులు మోసేటోడు, చీటీలు అందించేటోడు. మా నాయనమ్మ వాళ్ల అన్నని అదే దళాలోళ్లు రాత్రిపూట ఇంట్లోంచి తీసుకపోయి చెరువు కట్ట మీద చంపేశారు. పోలీసు పటేలు దగ్గర లెక్కలు రాసేవాడు, కబుర్లు చేరవేస్తున్నాడని అనుమానం. నిజంగా చేరవేశాడా అంటే ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఈ రెండు ఇళ్లు వియ్యమందుకున్నాయి, అందుకే నేను పుట్టా. మా తాత ఎంత మాటకారో, దళం కథలు మొదలుపెడితే పొద్దుపోయేది కాదు, కానీ మా నాయనమ్మ ఉన్నచోట ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు.

నేను డిగ్రీలో ఉండగా మంచి ఎర్ర ఆవేశంలో నాయనమ్మని డైరెక్టుగా అడిగేశా, సంగపోళ్లు, అంటే ఈ దళాల వెనకున్న కమ్యూనిస్టు సంగం వాళ్లు, మంచోళ్లేనా కాదా అని. "మంచోళ్లే బిడ్డా. ఆళ్లు రాకపోతే మీ తాతలు ఇంకా దొర గడీలనే సచ్చేటోళ్లు. మా అన్నను గూడ సంపిండ్రు" అంది. మధ్యలో "కానీ" అనలేదు. అప్పుడు నాకు తిక్కగా అనిపించింది, ఏదో ఒకటి తేల్చి చెప్పొచ్చు కదా అని. ఇప్పుడు నా జవాబు దాదాపు అదే.

దొరల కాలం తెలీనివాళ్లకి కొంచెం చెప్పాలి, లేకపోతే తుపాకీ ఎందుకొచ్చిందో అర్థం కాదు. నిజాం రాజ్యంలో తెలంగాణ జిల్లాల్లో దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు ఊళ్లకి ఊళ్లు పట్టుకుని ఉండేవాళ్లు, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కిందైతే 40 వేల ఎకరాలు, 60 ఊళ్లు అని చెప్తారు. వెట్టి అంటే కూలి తక్కువ ఇవ్వడం కాదు, అసలు ఇవ్వకపోవడం. చాకలి బట్టలుతికి పెట్టాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గడీ నుంచి కబురొస్తే సొంత చేను ఎండిపోతున్నా దొర చేనుకి పోవాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకి తీసుకుని పండించుకున్న పంటని ఈ విసునూరు దొర మనుషులే కోసుకుపోవడానికి వచ్చారు, సంగం అండతో ఆవిడ ఎదురు నిలబడింది. ఇప్పుడు కోఠి మహిళా యూనివర్సిటీకి ఆవిడ పేరు పెట్టారు. 1946 జూలై 4న కడవెండిలో సంగం ఊరేగింపు మీద దొర గూండాలు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ముందు పేలింది దొర వైపు తుపాకీ అన్నమాట, అప్పటికి సంగపోళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. సాయుధంగా తిరగబడమని కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి పిలుపిచ్చింది 1947 సెప్టెంబర్ 11న. కొమురయ్య పోయి అప్పటికే ఏడాది దాటింది. అటు నిజాం తరఫున కాసిం రజ్వీ నడిపిన ప్రైవేటు సైన్యం రజాకార్లు, 1948 ఆగస్టులో ఒక్క బైరాన్‌పల్లిలోనే దాదాపు వంద మందిని చంపారు. అక్కడి బురుజు ఇంకా ఉంది, వీలైతే వెళ్లి చూడండి. అలాంటి టైంలో ఆ ఊరోళ్లకి అహింస గురించి చెప్పడానికి నాకైతే నోరు రాదు.

కాబట్టి 1948 సెప్టెంబర్ దాకా నాకు పెద్ద తకరారు లేదు. అసలు తలనొప్పి ఆ తర్వాతే. పోలీస్ యాక్షన్, అంటే ఇండియా సైన్యం నిజాం రాజ్యంలోకి రావడం, సెప్టెంబర్ 13న మొదలై 17కల్లా అయిపోయింది, నిజాం లొంగిపోయాడు, రజ్వీని పట్టుకుని జైల్లో వేశారు. మరి దళాలు తుపాకులు దించాలా వద్దా? దించకూడదు అన్నవాళ్లకీ కారణం ఉంది, యూనియన్ సైన్యం వెనకాలే పారిపోయిన దొరలు ఊళ్లకి తిరిగొచ్చి పంచిన భూములు గుంజుకోవడం మొదలుపెట్టారు, తుపాకీ దించితే ఆ భూమి పోతుంది. ఇదేమీ తీసిపారేసే మాట కాదు. కానీ రావి నారాయణరెడ్డి అప్పుడే అన్నాడు, నిజాం మీద కొట్లాట వేరు, జనం స్వాగతం చెప్పిన ఇండియా సైన్యం మీద కొట్లాట వేరు, ఇక ఆపాలి అని. సొంత పార్టీలో మాటలు పడ్డాడు. చివరికి దించాలా వద్దా అని తేల్చుకోవడానికి మాస్కో పోయి స్టాలిన్‌ని కలిసి వచ్చారు పార్టీ పెద్దలు, మాచారెడ్డిపల్లిలో ఎవరి చేను ఎవరికి అనే గొడవకి స్టాలిన్ తీర్పేంటో అని మా తాత కూడా నవ్వేవాడు (ఊరి పేరు ఊరికే వాడేవాడు లెండి, ఆయనకి ఏ ఊరైనా మాచారెడ్డిపల్లే). 1951 అక్టోబర్‌లో విరమించారు. ఈ మూడేళ్లలో సైన్యం చేతిలో, పోలీసుల చేతిలో చచ్చిపోయిన కుర్రాళ్లు ఎంతమందో. మొత్తం పోరాటంలో 4 వేల మంది పోయారని, 3 వేల ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క. దళాలు చంపినవాళ్ల లెక్క ఇలా గుండ్రంగా నాకెక్కడా కనపళ్లేదు. మా నాయనమ్మ వాళ్ల అన్న చచ్చిపోయింది కూడా ఈ మూడేళ్లలోనే, 1949లో.

అందుకే నన్నెవరైనా ఆ పోరాటంలో నీకు హీరో ఎవరు అంటే ముందు రావి నారాయణరెడ్డి పేరే చెప్తా. భూస్వాముల ఇంట్లో పుట్టి దొరల మీదకే పోయినందుకు కాదు, అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తుపాకీ పట్టమన్నవాడే ఇక చాలు అనగలిగాడు, అదీ తనవాళ్ల ముందు. శత్రువు ముందు ధైర్యం మీకు చాలామందిలో కనపడుద్ది, ఇది మాత్రం చాలా తక్కువ. జనం ఏమన్నా తక్కువ చేశారా, 1952 ఎలక్షన్లో నల్గొండ నుంచి 3 లక్షలు దాటి ఓట్లేశారు, నెహ్రూకి వచ్చినవాటికంటే ఎక్కువ. దళ కమాండర్‌గా చేసిన మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది, వాళ్ల అన్న భీమ్‌రెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ ఎంపీ. తుపాకీతో తిరిగిన ఊళ్లకే చేతులు జోడించుకుంటూ ఓటడగడానికి పోవాలంటే, అక్కడ చచ్చినవాళ్ల ఇళ్లు కూడా ఉంటాయి కదా, ఆ గడపలు కూడా తొక్కాలి. నాకు అది చిన్న విషయంలా అనిపించదు.

ఈ విషయం మీదే ఒకాయన రజ్వీ కూడా తనవాళ్లకి హీరోనే కదా, ఏంటి తేడా అని లాజిక్ తీశాడు. తేడా ఉంది సార్. వెట్టి చాకిరీ పోవాలని చేసిన హింస, రాజ్యం పోకూడదని చేసిన హింస రెండూ ఒక తక్కెట్లో వెయ్యలేం. ఇమ్రోజ్ పేపర్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్, ఆయన కూడా ముస్లిమే, నిజాం ఇండియాలో కలవాలని రాసినందుకు నడిరోడ్డు మీద చంపారు. రజ్వీ మాత్రం 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు, ఎవరి గడపా తొక్కాల్సిన పని పడలేదు.

అలాగని హింస అంటే తుపాకీ పట్టుకుని అడవిలో తిరిగినోళ్లదే అనుకుంటే అదీ తప్పే. పోలీస్ యాక్షన్ టైంలో, ఆ తర్వాత జరిగిన ఊచకోతల మీద నెహ్రూ పంపించిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది, ఎక్కువమంది మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ముస్లింలు. ఆ రిపోర్టు బయటికొచ్చింది 2013లో. మనం సెప్టెంబర్ 17ని సెంటర్ వాళ్లు విమోచన దినం అంటే, స్టేట్‌లో కేసీఆర్ ఉన్నప్పుడు సమైక్యతా దినం, రేవంత్ రెడ్డి వచ్చాక ప్రజాపాలన దినం అని పేరు మార్చుకుంటూ జెండా ఎగరేస్తున్నాం, ఏ స్టేజీ మీదా ఈ నంబర్ మాత్రం ఎవరి నోటా నేను వినలేదు. దళాలోళ్లని "హంతకులు" అనే కొందరు ఈ రిపోర్ట్ దగ్గరికి రాగానే "అప్పటి పరిస్థితులు అలాంటివి" అంటారు. మరి సంగపోళ్ల పరిస్థితులు ఎలాంటివి?

ఇంకోటి, అహింసే గెలిచిందని చెప్పడానికి వినోబా భావే పేరు తెస్తారు. నిజమే, 1951 ఏప్రిల్ 18న మా పాత నల్గొండ జిల్లాలోనే, పోచంపల్లిలో, భూదానం మొదలైంది, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చారు. గొప్ప పని. కానీ వినోబా నడుచుకుంటూ ఈ జిల్లాకే ఎందుకొచ్చారు? ఇక్కడ భూమి కోసం జనం చస్తున్నారు, చంపుతున్నారు కాబట్టి. ఆ 100 ఎకరాల వెనక ఎంత మంచి మనసు ఉందో, ఎంత దళాల భయం ఉందో విడదీయడం నావల్ల కాదు.

ఎలాగూ కామెంట్లలో అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఓటూ కోర్టూ వచ్చాక కూడా అడవిలో తుపాకీ పట్టుకున్న మావోయిస్టు నాయకుల్ని నేను ఈ లిస్టులో పెట్టను. వాళ్లలో చదువుకున్నవాళ్లు, త్యాగం చేసినవాళ్లు ఉన్నారు, మా కాలేజీలో సీనియర్ ఒకాయన అలాగే వెళ్లి మళ్లీ రాలేదు, ఆయనంటే ఇప్పటికీ గౌరవమే. కానీ ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో ఎవర్నైనా చంపారన్న వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది చెరువు కట్ట.

మా ఊళ్లో అమరవీరుల స్తూపం ఉంది, దాని మీద మా తాత స్నేహితుల పేర్లున్నాయి. నాయనమ్మ వాళ్ల అన్న పేరు అక్కడ రాయమని నేను అడగను, అది వాళ్ల స్తూపం. ఐతే ఈ మధ్య మా ఊరి రిటైర్డ్ సార్ ఒకాయన ఊరి చరిత్ర రాస్తా, పాత వివరాలేమైనా ఉంటే పంపండి అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తాత గురించి, నాయనమ్మ వాళ్ల అన్న గురించి ఇద్దరివీ రాసి పంపించా. తాతది వేస్తానని వెంటనే ఫోన్ చేశాడు, రెండోది "చూద్దాం" అన్నాడు. రెండూ వేస్తేనే వెయ్యండి సార్ అని చెప్పా, ఇంకా తేలలేదు.