సివిల్ కోర్టులో జూనియర్‌గా చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

తెనాలిలో సివిల్ వైపు మంచి పేరున్న సీనియర్ గారి దగ్గర చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. నీతో చదివిన వాళ్ళు నేరుగా హైకోర్టుకు వెళ్తున్నారని, కింది కోర్టుల్లో ఉండిపోతే ఎదుగుదల ఉండదని అంటున్నారని, దానితో నీ మనసు కొంత ఊగిసలాడుతోందని కూడా చెప్పింది. నా మాట అడిగావు కనుక చెబుతున్నాను: కనీసం మూడేళ్ళు ట్రయల్ కోర్టు విడిచిపెట్టకు. పైకోర్టులో అప్పీలు వినే జడ్జి గారి ముందుకు వెళ్ళేది ఇక్కడ తయారైన రికార్డే. ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, రాయని సంగతి, సాక్షి నోట రాని మాట, సాక్ష్యంగా మార్కు చేయించని దస్తావేజు అక్కడికి వెళ్ళాక కొత్తగా పుట్టడం చాలా కష్టం. ఆ రికార్డు ఎలా తయారవుతుందో దగ్గరుండి చూసిన వాళ్ళకే అందులోని లోటు ఒక్క చూపులో కనబడుతుంది.

ముందుగా ఫైలు చదవడం నేర్చుకో. చాలామంది జూనియర్లు ప్లెయింటు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, కథ అర్థమైంది అనుకోగానే ఆపేస్తారు. భూమి దావా అయితే నువ్వు చివరి పేజీ నుంచి, అంటే ఆస్తి వివరాలుండే షెడ్యూలు నుంచి మొదలుపెట్టు. సర్వే నెంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు ఒక తెల్లకాగితం మీద రాసుకుని, పక్కనే మన క్లయింటు రిజిస్టర్డ్ దస్తావేజులోని హద్దులు, దానికి ముందున్న లింకు దస్తావేజుల్లోని హద్దులు, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీలో, గ్రామ భూమి రికార్డైన అడంగల్‌లో ఉన్న వివరాలు వరసగా రాయి. దస్తావేజులో తూర్పు డొంక అని ఉండి, ప్లెయింటులో తూర్పు ఫలానా వారి పొలం అని వచ్చిందనుకో, ఆ తేడా ఎందుకు వచ్చిందో క్లయింటును కూర్చోబెట్టి అడగాలి. మధ్యలో ఎవరైనా డొంక ఆక్రమించారా, పక్క వాళ్ళు అమ్ముకున్నారా, లేక టైపు చేసిన వాళ్ళు పాత దావా షెడ్యూలునే దింపేశారా? ఇప్పుడు అడగకపోతే, రేపు కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ గారు సర్వేయరును వెంటబెట్టుకుని పొలం కొలిచి రిపోర్టు వేసిన రోజున ఎదుటి పక్షం వారు అదే ప్రశ్న వేస్తారు. విచారణ మొదలయ్యాక ప్లెయింటు సవరించుకోవడం అంత తేలిక కాదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 6 రూల్ 17 చదివితే నీకే తెలుస్తుంది.

ఇదే చోట మరొకటి ఆలోచించాలి. పొలం విషయంలో వచ్చే ప్రతి క్లయింటూ ఎదుటి వారు జోక్యం చేసుకోకుండా ఆపే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్ కావాలనే అడుగుతాడు. స్వాధీనం మనదే అయి, హక్కు మీద గట్టి వివాదం లేకపోతే ఉత్త ఇంజంక్షన్ దావా సరిపోతుంది. హక్కు మీదనే మబ్బు కమ్మి ఉంటే హక్కు మనదేనని ప్రకటించే డిక్లరేషన్ కూడా కోరాలి, స్వాధీనం పోయి ఉంటే దాన్ని తిరిగి ఇప్పించమని కూడా అడగాలి. మన తెలుగు నేల నుంచి వెళ్ళిన అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ తేడాను ఎంతో స్పష్టంగా చెప్పింది. దాన్ని మొదట్లో ఇచ్చే సారాంశంతో, అంటే హెడ్‌నోటుతో సరిపెట్టకుండా పూర్తి తీర్పు చదువు.

తేదీల విషయంలో ఎవరినీ నమ్మకు, నీ జ్ఞాపకాన్ని అసలే నమ్మకు. ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా కనబడుతుంది, నిజమే. అయినా కోర్టు హాలులో విన్న తేదీని అక్కడికక్కడే డైరీలో రాసుకుని, సాయంత్రం గుమస్తా గారి డైరీతో సరిచూసుకోవాలి. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది తన జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్ వేయాలని, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా పొడిగించవచ్చని ఆర్డర్ 8 రూల్ 1 చెబుతుంది. మామూలు దావాల్లో తగిన కారణం చూపితే ఆ తర్వాత కూడా కోర్టులు కొంత ఉదారంగా ఉంటాయి గాని, కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. ప్రతివాది హాజరు కాకపోతే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయించుకోవడానికి ఉన్నది 30 రోజులే. అలాగే, నోటీసు లేకుండా తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చిందన్న ఆనందంలో క్లయింటుతో పాటు నువ్వూ ఇంటికి వెళ్ళిపోవద్దు. ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం పిటిషను, అఫిడవిట్, ప్లెయింటు, దస్తావేజుల నకళ్ళు ఎదుటి వారికి అందజేయాలి, లేదా వెంటనే రిజిస్టరు పోస్టులో పంపాలి. అలా చేసినట్టు అదే రోజు గాని మరునాడు గాని అఫిడవిట్ వేయాలి. ఈ చిన్న పని జరగలేదన్న కారణం మీదనే ఎదుటి వారు ఆ ఉత్తర్వును తీసేయమని అడుగుతారు.

ఇక సాక్షుల సంగతి. మన సాక్షి చేత మనం చెప్పించే ముఖ్య విచారణ ఇప్పుడు అఫిడవిట్ రూపంలోనే జరుగుతుంది కనుక దాన్ని తయారుచేసే పని తరచుగా నీ మీదే పడుతుంది. ప్లెయింటునే మళ్ళీ దించి సంతకం పెట్టించడం కొన్ని ఆఫీసుల్లో అలవాటు, దాన్ని నువ్వు నేర్చుకోవద్దు. సాక్షిని ముందు కూర్చోబెట్టుకుని, తనకు నేరుగా తెలిసినది ఏమిటో అతని మాటల్లో విని, అంతవరకే రాసి, రాసినదంతా మెల్లగా తెలుగులో చదివి వినిపించి, అవునన్నాకే సంతకం తీసుకో. క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు, మొదటి ప్రశ్న చాలాసార్లు ఇదే: నీ అఫిడవిట్‌లో ఏముందో తెలుసా? ‘లాయరు గారు రాశారు, నేను సంతకం పెట్టానండీ’ అని ఆ పెద్దాయన అమాయకంగా అన్నాడంటే, అతను చెప్పిన నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది. ఏం చెప్పాలో నేర్పడం తప్పు. తాను ఏం చెప్పాడో అతనికి తెలిసేలా చేయడం మన బాధ్యత.

మొదటి నెలల్లో సీనియర్ గారు నిన్ను ఎక్కువగా కేసు పిలిచినప్పుడు హాజరయ్యే కాల్ వర్కుకు, వాయిదాలు అడగడానికే పంపుతారు. చిన్నతనంగా అనుకోకు. కేసు పిలిచేసరికి ఆ దావా ఏ దశలో ఉందో, క్రితం వాయిదా ఎవరు అడిగారో తెలుసుకుని నిలబడు. వాయిదా కోసం లేని జ్వరాన్ని, చనిపోని బంధువును తీసుకురాకు. జడ్జి గారికి నీ మాట మీద నమ్మకం కుదిరితే అది నువ్వు ఆ కోర్టులో ఉన్నంతకాలం నీ క్లయింట్లందరికీ పనికివస్తుంది. కోర్టు ఫీజు లెక్క, ఆఫీసు అభ్యంతరాలతో తిరిగివచ్చిన ప్లెయింటును సరిచేసి మళ్ళీ వేయడం వంటివి గుమస్తా గారిని అడిగి నేర్చుకో. ఆయనను, బెంచి క్లర్కును, సమన్లు అందించే ప్రాసెస్ సర్వరును ‘గారు’ అనే పిలువు.

డబ్బు గురించి మొహమాటపడవద్దు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే తప్ప కట్టుబాటు కాదు, అయినా నీకు ఎంత ఇస్తారో మర్యాదగా ఇప్పుడే అడుగు. సీనియర్ గారికి తెలియకుండా క్లయింటు దగ్గర రూపాయి తీసుకోకు, అసలు దస్తావేజులు తీసుకుంటే రసీదు రాసివ్వు. ఇబ్బంది కలిగించే మాట గాని ప్రవర్తన గాని ఆ ఆఫీసులో ఎవరి నుంచి ఎదురైనా, సర్దుకుపొమ్మన్న సలహా ఎవరిచ్చినా వినకు. వెంటనే నాకు ఫోను చెయ్యి, మరో సీనియర్ గారితో నేనే మాట్లాడతాను.

జడ్జి పరీక్ష రాయాలన్న కోరిక నీకుందని తెలుసు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే నెలలో తిరిగి తెచ్చింది; ఆ కాలాన్ని బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా పేరు నమోదైన (ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచి లెక్కిస్తారు. పదేళ్ళ అనుభవమున్న అడ్వకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అందుకని నువ్వు హాజరైన ప్రతి కేసు నెంబరు, తేదీ ఇప్పటినుంచే విడిగా ఒక పుస్తకంలో రాసి ఉంచు. ఆలిండియా బార్ పరీక్షను కూడా రెండేళ్ళ గడువు చివరిదాకా లాగకుండా ముందే ముగించు.

మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు ఇవ్వగానే మా ఇంటికి రా. నువ్వు సొంతంగా తయారుచేసిన ప్లెయింటు ఒకటి, క్లయింటు పేర్లు తీసేసి, షెడ్యూలుతో సహా తీసుకురా. హద్దుల దగ్గర నుంచి ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య